వేగాస్‌లో దిగేదెక్కడ, ఆడేదెక్కడ

లాస్ వేగాస్‌కి టికెట్లు తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది "ఏ క్యాసినో హోటల్ మంచిది?" అని. ఒకటిగా కనిపించినా ఇవి రెండు ప్రశ్నలు. రాత్రి పడుకోవడానికి ఏ హోటల్ మంచిదన్నది ఒకటి, స్లాట్ మెషిన్ ముందు కూర్చోవడానికి ఏ క్యాసినో మంచిదన్నది ఇంకొకటి. ఈ రెండింటికీ ఒకే జవాబు దొరకడం అరుదు. అయినా లిఫ్టు దిగగానే మెషిన్లు ఎదురుగా ఉంటాయి కాబట్టి దిగిన హోటల్లోనే ఆడేస్తాం. ఆడినచోటే పాయింట్లు వస్తాయి కాబట్టి మళ్లీసారీ అక్కడే దిగుతాం. హోటల్ కట్టినవాళ్లకు కావలసిందీ అదే.

నా సలహా ముందే చెప్పేస్తాను: గది వేరుగా ఎంచుకోండి, ఆట వేరుగా ఎంచుకోండి. పేరున్న హోటళ్లన్నీ వరుసగా ఉండే స్ట్రిప్ అనే వీధి మీది పెద్ద క్యాసినోలకు మొత్తం రాబడిలో జూదం వాటా మూడో వంతుకన్నా తక్కువే. మిగతాదంతా గదులు, భోజనం, మద్యం, షోల మీద వచ్చేదే. ఊళ్లో కాపురం ఉండేవాళ్లు వెళ్లే క్యాసినోల్లో మాత్రం ఆటే ప్రధాన వ్యాపారం. అక్కడికి వచ్చే మనిషి వచ్చే వారం మళ్లీ రావాలి. మరీ గీసి గీసి తీసుకుంటే రాడు. స్ట్రిప్‌కి వచ్చేవాడు మూడు రోజుల్లో విమానం ఎక్కేస్తాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. ఈ ఒక్క తేడా నుంచే మెషిన్ల సెట్టింగులు, పార్కింగ్ రుసుములు, భోజనం ధరలు అన్నీ పుట్టుకొస్తాయి.

మూడు చోట్లు, మూడు రకాలు

వేగాస్ అనగానే కళ్లముందు మెదిలే స్ట్రిప్ అసలు లాస్ వేగాస్ నగర పరిధిలోనే లేదు. క్లార్క్ కౌంటీ కిందకు వచ్చే ప్రాంతంలో సుమారు నాలుగు మైళ్ల పొడవున ఉంటుంది. దక్షిణాన మాండలే బే, లక్సర్, ఎక్స్‌కాలిబర్. మధ్యలో బెలాజియో, సీజర్స్ ప్యాలెస్, ఫ్లమింగో, వెనీషియన్. ఉత్తరాన విన్, రిసార్ట్స్ వరల్డ్, ఫాంటెన్‌బ్లూ, సర్కస్ సర్కస్. మొదటిసారి వెళ్లేవాళ్లు చూడాలనుకునేవన్నీ ఇక్కడే ఉంటాయి.

రెండోది డౌన్‌టౌన్. ఫ్రీమాంట్ వీధి, పాత నియాన్ బోర్డులు, పైన వీధి పొడవునా తెరలా వెలిగే పందిరి. 1931లో నెవాడాలో జూదం చట్టబద్ధమయ్యాక పట్టణం మొదట ఎదిగింది ఈ చుట్టుపక్కలే. 1941 నాటి ఎల్ కోర్టెజ్, 1946 నాటి గోల్డెన్ నగెట్ ఇక్కడివే. 2020లో తెరిచిన సర్కా మాత్రం కొత్తది, 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వదు. పిల్లలతో వెళ్లేవాళ్లు దాని పేరు జాబితాలోంచి ముందే కొట్టేసుకోవచ్చు.

మూడోది ఊరివాళ్ల క్యాసినోలు. సమ్మర్లిన్ వైపు రెడ్ రాక్, హెండర్సన్‌లో గ్రీన్ వ్యాలీ రాంచ్, నైరుతి దిక్కున 2023 చివర్లో తెరిచిన డురాంగో, స్ట్రిప్‌కి దక్షిణంగా చాలా దూరం పోతే సౌత్ పాయింట్, బౌల్డర్ హైవే మీద శామ్స్ టౌన్. ఆర్లియన్స్, గోల్డ్ కోస్ట్ లాంటివి స్ట్రిప్‌కి కాస్త పడమరగా, దగ్గరలోనే ఉన్నాయి. వీటిల్లో సినిమా హాళ్లు, బౌలింగ్, మామూలు ధరలకు దొరికే భోజనం, చాలాచోట్ల ఉచిత పార్కింగ్ ఉంటాయి. పర్యాటకుడి కోసం కట్టినవి కావు కాబట్టి ఆర్భాటం తక్కువ. రెడ్ రాక్, డురాంగో లాంటివి మినహాయింపు; అవి స్ట్రిప్ హోటళ్లకు ఏమాత్రం తీసిపోవు.

కారు ఉందా లేదా అన్నదే చాలామంది విషయంలో తీర్పు చెప్పేస్తుంది. కారు లేకపోతే ఊరివాళ్ల క్యాసినోలో దిగడం దండగ, ఆదా అయినదంతా టాక్సీలకే పోతుంది. డౌన్‌టౌన్‌కి మాత్రం స్ట్రిప్ నుంచి డ్యూస్ అనే రెండంతస్తుల బస్సు రాత్రీ పగలూ తిరుగుతుంది. మోనోరైలు ఎంజీఎం గ్రాండ్ నుంచి సహారా వరకే వెళ్తుంది. విమానాశ్రయానికీ, డౌన్‌టౌన్‌కీ దాంతో పని లేదు.

గది ధర: బోర్డు మీద ఒకటి, బిల్లులో ఇంకొకటి

వేగాస్ హోటళ్లకు చెడ్డపేరు తెచ్చినది రిసార్ట్ ఫీజు. వైఫై, జిమ్ము, లోకల్ ఫోన్ కాల్స్ లాంటి వాటి పేరు చెప్పి రాత్రికి ఇంతని వసూలు చేస్తారు, వాడుకున్నా వాడుకోకపోయినా సరే. స్ట్రిప్ మీద ఇది 35 నుంచి 55 డాలర్ల మధ్య ఉంటుంది. దానిమీద కూడా గది పన్ను పడుతుంది, అది 13 శాతానికి కాస్త పైన.

ఒక లెక్క వేసి చూద్దాం. గది 49 డాలర్లు, రిసార్ట్ ఫీజు 45. రెండూ కలిపి 94, పన్నుతో 107. కారు ఉంటే, ఆ హోటల్లో పార్కింగ్‌కి రోజుకు 20 తీసుకుంటే, 127. నలభై తొమ్మిదికి దొరికిందని సంబరపడిన గది నూటపాతిక దాటిపోయింది. పక్కనే 95 డాలర్లని కనిపించి ఏ ఫీజూ, పార్కింగ్ రుసుమూ లేని చోటు నిజానికి దీనికన్నా చవక. 2025 మే 12 నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం హోటళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలి. ఫీజు పోలేదు, దాచడం మాత్రం ఆగింది. ప్రభుత్వ పన్నులు ఇప్పటికీ చివర్లో కలుస్తాయి, పార్కింగ్ విడిగానే ఉంటుంది. అందుకని పోల్చేటప్పుడు డబ్బు కట్టే చివరి తెర దాకా వెళ్లి, ఆ అంకెనే పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ధర ఎక్కువగా ఆధారపడేది తారీఖు మీద. ఆదివారం నుంచి గురువారం దాకా చవక, శుక్ర శనివారాల్లో అదే గది రెట్టింపు కావచ్చు. జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, 2023 నుంచి నవంబరులో జరుగుతున్న ఫార్ములా వన్ రేసు లాంటి రోజుల్లో మామూలు గదులకే కళ్లు తిరిగే ధరలుంటాయి. ఆ రేసు సన్నాహాలప్పుడు స్ట్రిప్ మీద ట్రాఫిక్ కూడా నరకమే. సెలవు తేదీలు మార్చుకునే వీలుంటే హోటల్ మార్చుకోవడంకన్నా ఎక్కువ డబ్బు మిగులుతుంది.

చెక్ ఇన్ అప్పుడు క్రెడిట్ కార్డు మీద అదనంగా కొంత మొత్తం ఆపి ఉంచుతారు, ఖర్చు పెట్టకపోతే వదిలేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు ఖాతాలోంచే కొన్నాళ్లు ఇరుక్కుపోతుంది. గదిలో అందంగా అమర్చిన చిరుతిళ్ల ట్రే జోలికి పోకండి. చాలా హోటళ్లలో దాని కింద సెన్సర్లుంటాయి. చూద్దామని ఎత్తి పక్కన పెట్టినా బిల్లులో చేరవచ్చు. పిల్లలున్న గదిలో అయితే వచ్చీరాగానే ఆ ట్రే తీసేయమని అడగడమే మేలు.

స్ట్రిప్ మీద ఏది?

ఇక్కడి హోటళ్లలో సగానికి పైగా రెండు కంపెనీల చేతుల్లో ఉన్నాయి. బెలాజియో, ఆరియా, కాస్మోపాలిటన్, ఎంజీఎం గ్రాండ్, పార్క్ ఎంజీఎం, న్యూయార్క్ న్యూయార్క్, మాండలే బే, లక్సర్, ఎక్స్‌కాలిబర్ ఎంజీఎం రిసార్ట్స్ నడిపేవి. సీజర్స్ ప్యాలెస్, ఫ్లమింగో, హర్రాస్, లింక్, పారిస్, ప్లానెట్ హాలీవుడ్, హార్స్‌షూ సీజర్స్ ఎంటర్‌టైన్‌మెంట్‌వి. వీటిలో ఒకచోట తీసుకున్న సభ్యత్వ కార్డు ఆ కంపెనీ హోటళ్లన్నింట్లో పనిచేస్తుంది. మారియట్ పాయింట్లు పోగేసుకున్నవాళ్లు 2024 నుంచి ఎంజీఎం హోటళ్లను మారియట్ ద్వారానే బుక్ చేసుకోవచ్చు. హిల్టన్ పాయింట్లున్నవాళ్లకు 2021లో తెరిచిన రిసార్ట్స్ వరల్డ్ ఉంది.

పాత సలహాలు చదివేవాళ్లకో హెచ్చరిక. మిరాజ్ 2024 జులైలో మూతపడింది. ట్రాపికానా అదే ఏడాది ఏప్రిల్‌లో మూసేసి అక్టోబరులో కూల్చేశారు. బాలీస్ పేరు 2022లో హార్స్‌షూ అయింది. ఈ పేర్లు ఇంకా సిఫారసు చేసే రాత కనిపిస్తే అందులోని ధరలు కూడా అంత పాతవే అనుకోండి.

నడి స్ట్రిప్‌లో దిగితే ఎటు నడిచినా ఏదో ఒకటి ఉంటుంది. బెలాజియో ఫౌంటెన్లు, పూలమందిరం చూడటానికి అక్కడ దిగనక్కర్లేదు, రెండూ ఉచితమే. కాబట్టి బెలాజియోకి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం ఫౌంటెన్ వైపు కిటికీ ఉన్న గది తీసుకుంటేనే. లేదంటే రోడ్డుకి అవతల ఉన్న హార్స్‌షూలోనో, ఫ్లమింగోలోనో సగం ధరకు దిగి నడిచి వెళ్లి చూడొచ్చు. ఫ్లమింగో, హర్రాస్ గదులు పాతబడ్డాయి, గోడలు పలుచన. అయినా చోటు మాత్రం బంగారం.

దక్షిణం కొసన లక్సర్, ఎక్స్‌కాలిబర్ చవక. మ్యాపులో పక్కనే ఉన్నట్టు కనిపించే హోటల్‌కి నడవాలంటే పాదచారుల వంతెనలు, ఎస్కలేటర్లు, రెండు క్యాసినో హాళ్లు దాటాలి. జులైలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో అది పెద్దవాళ్లకు కష్టం. వాళ్లతో వెళ్తే గది అందంకన్నా లిఫ్టు నుంచి గుమ్మం దాకా ఎంత దూరమన్నది ముఖ్యం. ఎంజీఎం గ్రాండ్‌లో అయిదువేల పైచిలుకు గదులు, వెనీషియన్, పలాజో కలిపితే దాదాపు ఏడువేలు. అంత పెద్ద భవనాల్లో కాఫీ తెచ్చుకోవడమే ఒక నడక.

సిగరెట్ పొగ ఇంకో సంగతి. నెవాడాలో క్యాసినో హాలులో పొగతాగడం చట్టబద్ధమే. గాలి యంత్రాలు ఎంత మంచివైనా ఆ వాసన బట్టలకు పడుతుంది. స్ట్రిప్ మీద పూర్తిగా పొగ నిషేధించిన క్యాసినో కావాలంటే పార్క్ ఎంజీఎం. అసలు క్యాసినోయే లేని హోటల్ కావాలనుకుంటే ఆరియా పక్కనున్న విడారా, ఎంజీఎం గ్రాండ్ వెనకున్న సిగ్నేచర్, మాండలే బే పై అంతస్తుల్లోని ఫోర్ సీజన్స్, వాల్డార్ఫ్ అస్టోరియా ఉన్నాయి. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు వెంట ఉంటే నేను మొదట చూసేవి ఇవే. ఆడాలనుకున్నవాళ్లు పది నిమిషాలు నడిచి వెళ్లి ఆడి వస్తారు. ఆ పది నిమిషాల దూరం జేబుకి చేసే మేలు తక్కువేం కాదు.

డబ్బుకి వెనకాడనివాళ్లకు విన్, ఎన్‌కోర్. గదులు, సేవ, శుభ్రత మూడింట్లోనూ దశాబ్దాలుగా నిలకడగా ఉన్నది అదే అని నా అభిప్రాయం. ఫాంటెన్‌బ్లూ కొత్తది, గదులు బాగుంటాయి, కానీ ఉత్తరపు కొసన కాస్త ఒంటరిగా ఉంటుంది. 2007లో పని మొదలై, 2009లో దివాళా దెబ్బకు ఆగిపోయి, పద్నాలుగేళ్లు అద్దాల మొండిగోపురంలా నిలబడి, 2023 డిసెంబరులో తెరుచుకున్న భవనం అది.

మెషిన్ లోపల ఏముంది

ఇప్పుడు ఆట సంగతి. ఎదుటివాడు అరగంట ఆడి ఖాళీగా లేచిన మెషిన్ "ఇక ఇవ్వాల్సిందే" అనీ, గుమ్మం దగ్గరివి ఎక్కువ ఇస్తాయనీ, సభ్యత్వ కార్డు పెడితే ఇవ్వదనీ రకరకాల నమ్మకాలున్నాయి. ఏదీ నిజం కాదు. లోపలి చిప్ క్షణానికి ఎన్నోసార్లు యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టిస్తూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణాన ఏది తగిలితే అదే ఫలితం. చక్రాలు తిరగడం, ఆగడం ఆ ఫలితాన్ని చూపించే తతంగమే. మెషిన్‌కి గతం గుర్తుండదు.

1890ల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన లిబర్టీ బెల్‌లో మూడు ఇనుప చక్రాలు, వాటి మీద ఉన్న గుర్తులే లెక్క. ఎన్ని గుర్తులుంటే అన్ని అవకాశాలు, అంతకుమించి పెద్ద బహుమతి పెట్టే దారి లేదు. 1984లో ఇంగే టెల్నేస్ అనే ఆయన పేటెంట్ ఆ హద్దు చెరిపేసింది. కంటికి కనిపించే చక్రం మీద ఇరవై చిల్లర స్థానాలే ఉన్నా, కంప్యూటర్‌లోని చక్రానికి ఎన్నైనా ఉండొచ్చు. జాక్‌పాట్ గుర్తుకి అందులో ఒక్క స్థానం, దాని పైనా కిందా ఉన్న ఖాళీలకు బోలెడు స్థానాలు ఇస్తే ఏమవుతుంది? జాక్‌పాట్ గుర్తు ఒక్క గడి దూరంలో ఆగినట్టు మాటిమాటికీ కనిపిస్తుంది. "అయ్యో, కొద్దిలో పోయింది" అనిపించే ఆ దృశ్యానికీ గెలుపు అవకాశానికీ ఏ సంబంధమూ లేదు.

వీడియో మెషిన్లది ఇంకో మాయ. 88 సెంట్లు పెట్టి తిప్పితే 30 సెంట్లు వచ్చి, లైట్లు వెలిగి, సంగీతం మోగుతుంది. చేతిలోంచి 58 సెంట్లు పోయిందానికి ఆ పండగంతా.

నెవాడా నిబంధనల ప్రకారం స్లాట్ మెషిన్ సిద్ధాంత లెక్కలో కనీసం 75 శాతం తిరిగి ఇవ్వాలి. వాస్తవంలో అన్నీ అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. ఎంతన్నది మెషిన్ మీద ఎక్కడా రాసి ఉండదు. ఒకే పేరు, ఒకే బొమ్మలున్న, బఫెలో అనే ఆట మెషిన్లు రెండు క్యాసినోల్లో రెండు శాతాలకు అమర్చి ఉండొచ్చు, తయారీదారే అన్ని రకాల సెట్టింగులూ ఇస్తాడు. చూసేవాడికి తేడా తెలిసే దారి లేదు. తెలిసేది ఒక్కటే, ప్రాంతాలవారీ సగటు. జూదాన్ని నియంత్రించే రాష్ట్ర సంస్థ గేమింగ్ కంట్రోల్ బోర్డు నెలనెలా ఆ లెక్కలు బయటపెడుతుంది. స్ట్రిప్ మీది పెన్నీ (సెంటు) మెషిన్లు ప్రతి వంద డాలర్ల పందేనికి సుమారు 11, 12 డాలర్లు ఉంచేసుకుంటాయి. బౌల్డర్ స్ట్రిప్ (బౌల్డర్ హైవే వైపు) లాంటి ఊరివాళ్ల ప్రాంతాల్లో అది ఒకటి రెండు డాలర్లు తక్కువ. డాలరు మెషిన్లకు వస్తే స్ట్రిప్ మీదే 8 చిల్లరకు దిగుతుంది, ఊరివాళ్ల దగ్గర ఇంకా కిందికి. ఆ లెక్కల్లో, తెర మీద పేకముక్కలతో ఆడే వీడియో పోకర్ కూడా కలిసి ఉంటుంది, ఊరివాళ్లు దాన్ని ఎక్కువగా ఆడతారు కాబట్టి తేడాలో కొంత దానివల్ల వచ్చిందే.

గంటకి ఎంత పోతుంది

శాతం చూసి "అయితే డాలరు మెషినే మేలు" అనుకుంటే బోల్తా పడతాం. చూడాల్సింది గంటకి సగటున పోయే డబ్బు. మామూలు వేగంతో ఆడేవాళ్లు గంటకి అయిదారు వందలసార్లు బటన్ నొక్కుతారు, ఆరువందలనే అనుకుందాం.

పేరుకి పెన్నీ అయినా ఆ మెషిన్లో ఒక్క సెంటుతో ఆడనివ్వరు. కనీస పందెం 50, 75, 88 సెంట్లు. 75 సెంట్లతో ఆరువందలసార్లు అంటే 450 డాలర్లు తిప్పినట్టు. పదకొండున్నర శాతం చొప్పున గంటకి 52 డాలర్లు పోతాయి. పాతకాలం మూడు చక్రాల డాలరు మెషిన్లో, డబుల్ డైమండ్ లాంటిదానిలో, ఒక్కో డాలరే పెడితే ఆరువందలు తిరుగుతాయి, 8 శాతం చొప్పున 48 పోతాయి. దాదాపు పెన్నీ మెషినంతే! కానీ చాలావాటిలో పెద్ద బహుమతి రావాలంటే రెండో మూడో డాలర్లు పెట్టాలి. రెండు పెడితే నష్టం 96. అందుకే రోజుకి వంద డాలర్లే పెట్టుకున్నవాళ్లకు డాలరు మెషిన్ సరిపడదు, శాతం ఎంత బాగున్నా సరే. ఇవన్నీ సగటులు మాత్రమే. ఏ ఒక్క గంటలోనైనా మూడొందలు రావచ్చు, వంద పావుగంటలోనే ఆవిరైపోవచ్చు.

వేగం తగ్గించడం ఒక్కటే ఆటగాడి చేతిలో ఉన్న మీట. బోనస్ బొమ్మలు నిదానంగా ఆడనిస్తూ, పానీయం తెచ్చే అమ్మాయితో మాట్లాడుతూ గంటకి మూడొందలసార్లే నొక్కితే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఆడేవాళ్లకు పానీయాలు ఉచితం, తెచ్చినవాళ్లకు డాలరో రెండు డాలర్లో టిప్ ఇవ్వడం అక్కడి మర్యాద.

మెగాబక్స్ లాంటి రాష్ట్రమంతా కలిపిన జాక్‌పాట్ మెషిన్ల గురించి అడిగేవాళ్లు చాలామంది. 2003లో ఎక్స్‌కాలిబర్‌లో ఒక పాతికేళ్ల కుర్రాడికి 3 కోట్ల 97 లక్షల డాలర్లు వచ్చింది దీనిమీదే. కానీ అది తగిలే అవకాశం అయిదు కోట్లలో ఒకటి అని లెక్కగట్టినవాళ్ల అంచనా, పందెం ఒక్కోసారికి మూడు డాలర్లు. సరదాకి ఇరవై డాలర్లు పెట్టి లేచేయడానికి సరే. విమానాశ్రయంలోని మెషిన్లకు ఆ మాట కూడా చెప్పను, వాటికి ఊళ్లో మంచిపేరు లేదు. గేటు దగ్గర కట్టేసినట్టు కూర్చున్నవాడికి బాగా ఇవ్వాల్సిన అవసరం ఎవరికుంది?

ధర మొహం మీదే రాసి ఉన్న మెషిన్

స్లాట్ హాలులో నేను నిజంగా సిఫారసు చేసేది వీడియో పోకర్. నెవాడాలో అది నిజమైన 52 ముక్కల పేకలా పంచాలని నిబంధన. కాబట్టి ఏ చేతికి, అంటే ఏ అయిదు ముక్కల కలయికకి, ఎంత ఇస్తుందో రాసిన పట్టిక చూస్తే శాతం లెక్కగట్టేయొచ్చు. జాక్స్ ఆర్ బెటర్ అనే రకం ఆటలో ఫుల్ హౌస్‌కి (ఒకే విలువవి మూడు, ఇంకో విలువవి రెండు) పందేనికి 9 రెట్లు, ఫ్లష్‌కి (అయిదూ ఒకే గుర్తువి) 6 రెట్లు ఇచ్చే మెషిన్, తప్పుల్లేకుండా ఆడితే, 99.54 శాతం తిరిగిస్తుంది. 8, 5 ఇచ్చేది 97.3 శాతం. 7, 5 అయితే 96 చిల్లర, 6, 5 అయితే 95. స్ట్రిప్ మీద పావు డాలరు మెషిన్లలో ఎక్కువగా కనిపించేవి చివరి రెండు. 9, 6 కోసం ఊరివాళ్ల క్యాసినోలకే వెళ్లాలి, లేదంటే పెద్ద పందేల మెషిన్ల దగ్గర వెతకాలి.

పావు డాలరు మెషిన్లో అయిదు నాణేలు, అంటే డాలరుంపావు, గంటకి ఆరువందల చేతులు వేస్తే 750 డాలర్లు తిరుగుతాయి. 9, 6 మీద సగటు నష్టం మూడున్నర డాలర్లు, 7, 5 మీద 29. పెన్నీ స్లాట్ మీద యాభై పోయిన అదే గంట. అయితే దీనికి షరతులున్నాయి. ఏ ముక్కలు ఉంచాలో ఏవి వదలాలో నేర్చుకోవాలి. గిఫ్ట్ షాపుల్లో వ్యూహం కార్డులు అమ్ముతారు, పక్కన పెట్టుకుని ఆడినా ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడూ అయిదు నాణేలే వేయాలి, ఎందుకంటే రాయల్ ఫ్లష్‌కి (ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా) నాలుగు నాణేలకు 1,000 వస్తే అయిదింటికి 4,000 వస్తుంది. ఆ రాయల్ రావడానికి సగటున నలభై వేల చేతులు పడుతుంది. అది రాని రోజున 99.54 శాతం కూడా కాగితం మీదే మిగులుతుంది. ఆలోచించకుండా బొమ్మలు చూస్తూ కూర్చోవడమే సరదా అనుకునేవాళ్లకు ఇది చాకిరీలా ఉంటుంది, వాళ్లు బఫెలో దగ్గరే ఉండటం మంచిది.

కార్డు, పన్ను, వయసు

సభ్యత్వ కార్డు ఉచితం, తీసుకోండి. కానీ అది తిరిగి ఇచ్చేది పందెంలో సాధారణంగా అర శాతం లోపే. క్యాసినో మీకిచ్చే ఉచిత గదికి లెక్క ఇలా ఉంటుంది: ఒక్కో పందెం ఎంత, గంటకి ఎన్ని, ఎన్ని గంటలు, మెషిన్ ఉంచుకునే శాతం ఎంత. నాలుగింటినీ గుణిస్తే వాళ్లకు రావలసిన డబ్బు తేలుతుంది, అందులో కొంత భాగాన్ని గది రూపంలో మీకు వెనక్కిస్తారు. అంటే రెండొందల డాలర్ల గది "ఫ్రీ"గా వచ్చిందంటే దానికి ఎన్నో రెట్లు ముందే చెల్లించేసినట్టు. అయినా ఆడేదైతే కార్డు పెట్టుకునే ఆడాలి. కార్డు కోసం ఆడకూడదు.

జాక్‌పాట్ వస్తే మెషిన్ ఆగిపోతుంది, సిబ్బంది వచ్చి గుర్తింపు కార్డు అడిగి పన్ను కాగితం రాస్తారు. దశాబ్దాల పాటు ఆ హద్దు 1,200 డాలర్లు, 2026 నుంచి 2,000. పన్ను లెక్కలో అమెరికా నివాసులైనవాళ్లకు డబ్బు పూర్తిగా ఇచ్చి డబ్ల్యూ-2జీ అనే ఆ కాగితం చేతిలో పెడతారు, పన్ను మరుసటి ఏడు కట్టుకోవాలి. నెవాడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రం నుంచి వెళ్తే సొంత రాష్ట్రం అడుగుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, ఎఫ్-1 మీద మొదటి అయిదేళ్లలో ఉన్న విద్యార్థులు సాధారణంగా పన్ను లెక్కలో నివాసులు కారు. వాళ్ల స్లాట్ జాక్‌పాట్‌లో 30 శాతం అక్కడికక్కడే కోసేసి 1042-ఎస్ అనే కాగితం ఇస్తారు. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందంలో దీనికి మినహాయింపు లేదు, పోయిన డబ్బును చూపించి తగ్గించుకునే వీలూ లేదు. విచిత్రమేమంటే బ్లాక్‌జాక్, రూలెట్, బకరా, క్రాప్స్ బల్లల మీద గెలిస్తే వాళ్లకు ఆ కోత ఉండదు. వాళ్లు ఆడాలనుకుంటే మెషిన్‌కన్నా తక్కువ పందెం రూలెట్ బల్ల మేలు, ఒకే సున్నా ఉన్నది దొరికితే మరీ మేలు. మూడు సున్నాలున్న బల్ల మాత్రం వద్దు, అది ఏడున్నర శాతం పైనే తీసుకుంటుంది.

21 నిండనివాళ్లు హాలులో దారి వెంట నడిచి వెళ్లొచ్చు, ఆగి నిలబడకూడదు. వాళ్లు నొక్కితే తగిలిన జాక్‌పాట్ ఇవ్వరు. పక్కనున్న నాన్న నేనే ఆడానన్నా కెమెరాలు చూస్తాయి.

హాలులోని ఏటీఎంలో ఒక్కసారికి పది డాలర్ల దాకా రుసుము పడుతుంది. ఆట డబ్బు ఇంటి నుంచే నోట్లుగా తెచ్చుకుని, ఏ రోజుది ఆ రోజు కవరులో పెట్టుకుంటే ఆ మెషిన్ దగ్గరకు వెళ్లే పనే ఉండదు. వెంట వచ్చినవాళ్లలో ఎవరైనా మాటిమాటికీ ఏటీఎం దగ్గర కనిపిస్తుంటే, పోయింది రాబట్టాలని లేవనంటుంటే, 1-800-426-2537 అనే జూద వ్యసన సహాయ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఎవరికి ఏది

మొదటిసారి వెళ్లే జంటకి, కారు లేకుండా, వారం మధ్యలో అయితే: నడి స్ట్రిప్‌లో ఫ్లమింగో, హార్స్‌షూ, పారిస్‌లలో చివరి తెర మీద ఏది తక్కువైతే అది. ఆట కోసం ఒక సాయంత్రం బస్సెక్కి డౌన్‌టౌన్ వెళ్లిరండి. అక్కడి క్యాసినోలు చిన్నవి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అడుగు దూరం, కనీస పందేలు కూడా స్ట్రిప్‌కన్నా తక్కువ.

పసిపిల్లలు, అమ్మానాన్నలతో అయితే విడారా లేదా సిగ్నేచర్. వంట గట్టు, ఫ్రిజ్ ఉన్న గదులు దొరుకుతాయి, పొగ లేదు. చవక కావాలంటే సర్కస్ సర్కస్ ఉంది గానీ, పిల్లల ఆటలు ఎంత బాగున్నా గదుల శుభ్రత మీద ఫిర్యాదులు ఎక్కువ, ఆ సంగతి తెలిసే తీసుకోండి.

కారుంది, స్ట్రిప్ ఇదివరకే చూశారు, తీరిగ్గా ఆడుకోవాలని ఉంది అనేవాళ్లకు రెడ్ రాక్ లేదా సౌత్ పాయింట్. రెడ్ రాక్ ఖరీదెక్కువ, కానీ పొద్దున్నే ఎర్రకొండల లోయకి పావుగంటలో చేరిపోవచ్చు. సౌత్ పాయింట్ సాదాసీదాగా ఉంటుంది, వీడియో పోకర్ ఆడేవాళ్లలో దానికి మంచిపేరుంది. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే వీడియో పోకర్ నేర్చుకున్నారా లేదా అన్నది చూసుకోండి. నేర్చుకుంటే సౌత్ పాయింట్, లేకపోతే రెడ్ రాక్.